మా తమ్ముడి చేయి వదలని వారందరికీ కృతజ్ఞతలు

తమ్ముడు చదివి సరేనన్న తరువాతనే ఈ మాటలు ఇక్కడ పెడుతున్నాను. అతని పేరు రాయడం లేదు. మాది చిత్తూరు దగ్గరి పల్లెలో మామిడి తోట కౌలుకు చేసుకునే కుటుంబం, నేను పెళ్లయి తిరుపతిలో ఉంటున్నాను. 24 ఏళ్ల ఆ పిల్లవాడు, మధ్యలో ఒక్క రాత్రి తప్ప, తాగుడుకు దూరమై ఎనిమిది నెలలయింది.

చిన్నప్పటి నుంచి అతనిది తొందర స్వభావం. ఎవరైనా పందెం అంటే చాలు, లోతు చూడకుండా బావిలో దూకేవాడు. జీతం అందిన సాయంత్రానికే సగం చేతిలో ఉండేది కాదు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు, అయినా 17వ ఏట హాస్టల్లో ఉండగా అతనికి అడిగిన వెంటనే దొరికింది. ఆ అలవాటు పెరిగి పెరిగి, పనిలో చేరేనాటికి రోజూ తాగనిదే తెల్లవారని స్థితికి వచ్చింది. బుద్ధి లేదని, వంశంలో చెడబుట్టాడని ఇంట్లో అందరం అన్నాము. నేనూ అన్నాను.

మాల వేస్తే మానుకుంటాడని పెద్దలు చెప్పగా నాయన అతని చేత మాల వేయించి మా ఇంటికి పంపారు. మాలలో తప్పేమీ లేదు. రోజూ తాగే శరీరానికి ఒక్కసారిగా ఆపడం ప్రమాదమని మాకు తెలియలేదు, అంతే. రెండో రోజు సాయంత్రం టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా నిలవక, టీ అంతా నల్ల చొక్కా మీద ఒలికింది. భయమేసి 14416కు ఫోన్ చేశాను. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఆ టెలీ మానస్ ఫోన్ సేవలో, పేరైనా తెలియని ఒక అమ్మాయి తెలుగులో ఓపికగా విని, ఇది ఇంట్లో చూసుకునే విషయం కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండక్కా అని గట్టిగా చెప్పింది. మేము బయలుదేరే లోపే ఫిట్స్ వచ్చాయి. పక్కింటి పెద్దమ్మ పరుగున వచ్చి తన తాళాల గుత్తిని అతని గుప్పిట్లో పెట్టింది. ఆమె ఆదరాన్ని మరువలేను. 108లో వచ్చిన తమ్ముళ్లు మాత్రం ఆ తాళాలు మెల్లగా తీసి పక్కన పెట్టి, అతన్ని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో నీళ్లు గానీ చెంచా గానీ పెట్టవద్దని, ఎంతసేపు వచ్చాయో గుర్తుంచుకోవాలని నేర్పారు.

రుయా ఆసుపత్రిలో మరునాడు ఉదయం మానసిక వైద్య విభాగం డాక్టరమ్మ అతన్ని చేతులు చాపమని, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పరిచారు. కంటికి అంతగా కనిపించని వణుకు ఆ కాగితం అంచున గలగలమని వినిపించింది. సెలైన్ సీసాలో విటమిన్ల వల్ల పసుపు రంగు తేలుతుండగా, ఆమె మంచం పక్కనే కూర్చుని మాకందరికీ చెప్పిన మాటలే ఈ కుటుంబాన్ని నిలబెట్టాయి. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని మద్యం పెంచుతుందట, ఉత్తేజపరిచే గ్లూటమేట్ పనిని అణచివేస్తుందట; ఏళ్ల తరబడి రోజూ తాగితే మెదడు దానికి ఎదురు సర్దుకుని తన సొంత నెమ్మదిని తగ్గించుకుంటుంది కనుక, మద్యం ఆగిన మరునాడు ఉత్తేజం ఒక్కటే మిగిలి వణుకు, చెమటలు, కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆపైన మతిభ్రమ కూడా వస్తాయట. వాడికి ఏదో గాలి సోకిందని అప్పటిదాకా ఏడుస్తున్న అమ్మ ఏడుపు ఆపి వినడం నేను చూశాను.

తొందర సంగతీ ఆమే చెప్పారు. కోరికకు, హుషారుకు డోపమిన్ అందించే భాగాలు కౌమారంలోనే చురుకెక్కుతాయి. ఆగి ఆలోచింపజేసే నుదుటి వెనుక భాగం మాత్రం దాదాపు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. "గుర్రానికి ఈడొచ్చింది, కళ్లెం ఇంకా పేనుతున్నారమ్మా" అన్నారు. తొందర ఉన్న పిల్లలు మద్యానికి త్వరగా చేరువవుతారు, మద్యం ఆ కాస్త కళ్లేన్నీ వదులు చేస్తుంది. అలాగని అతని బాధ్యతను ఆమె తీసేయలేదు. ఎందుకు తాగావని అడగకుండా, తాగాలనిపించడానికి ముందు ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు అని అడిగి, అవన్నీ ఒక నోటు పుస్తకంలో రాయించారు. జీతం రోజు, బస్సు దిగే మలుపు, ఖాళీ కడుపు: పది రోజుల్లో ఈ మూడే మళ్లీ మళ్లీ కనిపించాయి. అప్పటి నుంచి ఏటీఎం కార్డు నా దగ్గర ఉంటుంది, అతను ఒక స్టాపు ముందే దిగి నడిచి వస్తాడు.

ఇంకొక మేలు కూడా చెప్పాలి. కూరలో తెలియకుండా కలిపితే చాలు, తాగుడు మానేస్తాడని ఎవరో అమ్మకు పొడి పొట్లాలు అమ్మారు. అమ్మ వాటిని కొంగున కట్టుకుని తెచ్చి డాక్టరమ్మకు చూపించింది. మద్యంతో పడని మందు అందులో ఉంటే, తెలియక తాగినవాడి ప్రాణానికే ముప్పు రావచ్చని, ఏ మందైనా అతనికి చెప్పే ఇవ్వాలని ఆమె కోప్పడకుండా వివరించారు. ఇప్పుడు తాగుడు ఇచ్చే హాయిని తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్రను, కాలేయ పరీక్షలు చేయించుకుంటూ, అతనే స్వయంగా వేసుకుంటున్నాడు.

మూడో నెలలో ఒక రాత్రి తాగి వచ్చినప్పుడు నాయన చేయెత్తబోతే మా వారు అడ్డుపడి, పొద్దున్నే తనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆయనకు ఇక్కడ కృతజ్ఞత చెప్పడం ఆయనకే నచ్చదు, అయినా చెబుతున్నాను.

చివరగా తమ్ముడు ఒకరి సంగతి తప్పకుండా రాయమన్నాడు. పోయిన నెల ఒక పెళ్లిలో సీసాలు బయటకు వచ్చినప్పుడు, అతనితో పాటు చదువుకున్న ఒక స్నేహితుడు తనూ తాగకుండా లేచి, ఇతన్ని బస్టాండు దాకా నడిపించుకుని వెళ్లి, ఆ తహతహ తగ్గేదాకా అరగంటకు పైగా టీ బంకు ముందు పక్కనే నిలబడ్డాడట. అంతసేపూ ఇద్దరూ మామిడి ధర గురించే మాట్లాడుకున్నారట.