కత్తి పట్టని రాణి

ఒరే రమణా,

బాగుండావా? పాపకి స్కూల్లో రాణి వేషం వేయిస్తున్నామన్నావు కదా, మళ్ళీ అదే అట్టముక్క కత్తీ, అదే కిరీటమేనా? రాణి అంటే గుర్రమెక్కి యుద్ధం చెయ్యాల్సిందే అని మనకెవరు నేర్పారో గానీ, సామవాయి అని ఒక పల్లవ రాణి ఉంది చూడు, కాడవన్ పెరుందేవి అని ఇంకో పేరు, ఆవిడ పెట్టిన ఏర్పాటు వెయ్యేళ్లు దాటినా మా తిరుమల కొండ మీద రోజూ నడుస్తానే ఉంది.

భోగ శ్రీనివాసమూర్తిని ఇచ్చింది ఆవిడే. అడుగున్నర ఎత్తు వెండి విగ్రహం. డబ్బుండేవాళ్లు విగ్రహం ఎవరైనా చేయిస్తారులే, నాకు నచ్చింది అది కాదు. నగలు చేయించి, రేపు నైవేద్యానికీ దీపానికీ పురటాసి అనే అరవనెల ఉత్సవానికీ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందని ముందే ఆలోచించి, భూములు రాసిచ్చి, ఆ లెక్కంతా అరవంలో గుడి గోడ మీద చెక్కించింది. చెప్పరా, ఇప్పుడు విరాళమిచ్చే వాళ్లలో ఎంతమందికి ఈ బుద్ధి ఉంటుంది? ఫ్యాన్ రెక్కల మీద పేరు రాయించుకుంటే చాలు మనకి!

మూలవిరాట్టుకి శుక్రవారమే అభిషేకం కదా, రోజూ జరిగేది ఈ వెండి మూర్తికే. రాత్రి ఏకాంతసేవలో వెండి గొలుసుల ఉయ్యాల మంచం మీద పడుకోబెట్టేది కూడా ఈయన్నే. పాలు పెడతారు, తాళ్లపాక వాళ్లు అన్నమయ్య లాలి పాడతారు, మన తరిగొండ వెంగమాంబ పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు. అన్నమయ్య 1503లో పోయాడు, వెంగమాంబ 1817లో. వాళ్లిద్దరికంటే ఎన్నో వందల ఏళ్ల ముందుది సామవాయి విగ్రహం. ధనుర్మాసంలో మాత్రం ఆ మంచం కృష్ణుడిది.

రాయలవారు 1513లో మొదటిసారి వచ్చినప్పుడు ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి పాలకి బంగారు గిన్నెలిచ్చారు. ఆ ముగ్గురి విగ్రహాలూ మహాద్వారం పక్కనే ఉన్నాయి, 'జరగండి జరగండి' అని తోస్తున్నా తల తిప్పితే కనిపిస్తాయి. సామవాయి ఎలా ఉండేదో చూద్దామంటే అట్లాంటి బొమ్మేదీ లేదు. ఏటా జ్యేష్ఠంలో ఆవిడ సమర్పించిన రోజని ప్రత్యేకంగా సహస్ర కలశాభిషేకం చేస్తారు, అదొక్కటే.

కాబట్టి పాపకి కత్తి కొనొద్దు. చేతిలో చిన్న వెంకన్న బొమ్మ పెట్టు, సిల్వర్ పేపర్ చుట్టి. టీచర్ ఎవరీవిడ అని అడుగుతుంది, పాపే చెప్తుందిలే.

నీ
శీను