వచ్చే నెల నుంచి మా దగ్గర చోక్ చైన్ ఉండదు

నమస్కారం.

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మా కుక్కల ట్రైనింగ్‌లో చోక్ చైన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు), ముళ్ల బెల్టు, షాక్ కాలర్ (మెడకు కరెంటు తగిలించే బెల్టు) ఏవీ వాడం. కుక్కను నెల రోజులు మా దగ్గర వదిలి వెళ్లే హాస్టల్ ట్రైనింగ్ కూడా ఆపేస్తున్నాం. దాని బదులు మీ ఇంటికే వచ్చి పది వారాల్లో ఎనిమిది క్లాసులు చెప్తాం. ఒక్కో క్లాసు 45 నిమిషాలు, మొత్తం ఫీజు 12,000 రూపాయలు. అందులో పెద్ద భాగం ట్రాఫిక్‌లో పోయే సమయానిదే కాబట్టి, ఒకే కాలనీలో రెండు ఇళ్లవాళ్లు కలిసి బుక్ చేసుకుంటే ఒక్కొక్కరికి 9,500. ప్రస్తుతానికి మియాపూర్, కొండాపూర్, కూకట్‌పల్లి, మణికొండ వరకే రాగలం. హాస్టల్ కోసం అడ్వాన్సు కట్టినవాళ్లు మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా ఇంటి క్లాసులకు మార్చుకోవచ్చు.

ఈ కబురు విన్నాక "నాలుగు తగిలించకపోతే కుక్క మాట వింటుందా?" అని కొందరు అడుగుతారు. "ఇన్నాళ్లూ మా కుక్క మెడకు వేసింది అవే కదా?" అని ఇంకొందరు నిలదీస్తారు. రెండోవాళ్ల కోపం న్యాయమైనదే. వేశాం. చాలా కుక్కలు చప్పున దారికి వచ్చినట్టు కనిపించాయి కూడా. ఆ కనిపించడం వెనక ఏం జరుగుతుందో మీకు చెప్పాల్సిన బాధ్యత మాది.

సాయంత్రం ఏడింటికి మీ ల్యాబ్రడార్‌ను గల్లీలో తిప్పుతున్నారనుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పడుకున్న వీధి కుక్క లేచి నిలబడింది. మీ కుక్క చెవులు ముందుకొచ్చాయి, తెరిచి ఉన్న నోరు మూసుకుంది, ఒంటి బరువంతా ముందు కాళ్ల మీదకు వచ్చింది. రెండు అడుగులు వేసి మొరిగింది. మీరు చైను గుంజారు. మీ లెక్కలో ఆ గుంజుడు మొరిగినందుకు. కుక్క చూపు మాత్రం అప్పుడు వీధి కుక్క మీదే ఉంది. అది కనిపించింది, మెడ నొప్పి పుట్టింది. ఇలా పదే పదే జరిగితే వీధి కుక్క కనిపించడమే నొప్పికి గుర్తుగా మారుతుంది. మొదట ఆడుకుందామని లాగిన కుక్క, కొన్నాళ్లకు మీద పడదామని లాగుతుంది. "చిన్నప్పుడు బాగానే ఉండేది, పెద్దయ్యాక ఇలా అయింది" అనే ఇళ్లలో మొదట అడగాల్సింది మెడకు ఏం వేశారనే.

శిక్ష పనిచేయాలంటే తప్పు చేసిన క్షణంలోనే పడాలి, చేసిన ప్రతిసారీ పడాలి, ఒకటి రెండు సార్లకే మానేంత గట్టిగా ఉండాలి. మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే కుక్క ఓర్చుకోవడం నేర్చుకుంటుంది. మొదటే గట్టిగా వేస్తే మిమ్మల్ని చూసి బెదురుతుంది. నలుగురు మనుషులున్న ఇంట్లో ఈ కొలత ఎవరికీ కుదరదు, మాకూ కుదరలేదు. పైగా బెల్టు మీద లాగినప్పుడు కుక్క కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. పగ్, షీజూ లాంటి చిన్న మూతి కుక్కలకు ఊపిరి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మాకు అన్నిటికంటే భయం వేసేది గుర్రుమన్నందుకు కొట్టడం. కుక్క ఒక్కసారిగా కరవదు. ముందు తల పక్కకు తిప్పుతుంది, పెదాలు నాకుతుంది, నిద్ర లేకపోయినా ఆవలిస్తుంది. తర్వాత ఒళ్లు బిగబట్టి, కనుగుడ్డు తెల్లభాగం కనిపించేలా ఓరగా చూస్తుంది. ఆ తర్వాతే గుర్రు. దెబ్బకు గుర్రు ఆగుతుంది, దాని వెనక ఉన్న భయం ఎక్కడికీ పోదు. మరోసారి మీ పిల్లాడు గిన్నె దగ్గరికి వెళ్తే హెచ్చరిక లేకుండా నేరుగా పన్ను పడుతుంది. "ఏ సూచనా లేకుండా కరిచింది" అంటే, ఆ సూచనను అంతకుముందే ఎవరో కొట్టి మాన్పించి ఉండొచ్చు.

గిన్నె దగ్గర గుర్రుమనే కుక్క ఉంటే ఈ రోజు నుంచే ఇలా చేయండి. అన్నం లాక్కోకండి, చేయి పెట్టకండి. ఆరడుగుల దూరంలో నడుస్తూ ఒక ఉడికించిన చికెన్ ముక్కను గిన్నె వైపు వేసి, ఆగకుండా వెళ్లిపోండి. ఒక పూట భోజనంలో ఐదారు సార్లు చాలు. మీరు వస్తుంటే కుక్క తల ఎత్తి, ఒళ్లు వదులు చేసి తోక ఊపుతోందంటే, మర్నాడు ఒక్క అడుగు దగ్గర. బిగుసుకుందంటే రెండు అడుగులు వెనక్కి. ఇది పెద్దవాళ్లే చేయాలి. పిల్లలున్న ఇంట్లో కుక్క తినేంతసేపూ ఆ గది తలుపు వేసి ఉండాలి. ఇప్పటికే ఎవరినైనా కరిచి ఉంటే సొంతంగా మొదలుపెట్టకండి, మాకు చెప్పండి.

"మనమే లీడర్ అని చూపించాలి" అనే మాట 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే జంతు పరిశోధకుడు బందీగా ఉన్న తోడేళ్లను చూసి రాసిన దానితో బలపడింది. సంబంధం లేని తోడేళ్లను ఒకే ఆవరణలో ఉంచితే అవి కొట్లాడుకున్నాయి. అడవిలో తోడేళ్ల గుంపు అంటే అమ్మ, నాన్న, పిల్లలు ఉండే కుటుంబమని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో తేల్చి చెప్పాడు. అయినా కుక్కను వెల్లకిలా పడేసి నొక్కిపట్టడం నేటికీ పోలేదు. 2009లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పశువైద్యులు యజమానులను అడిగితే, కుక్కను కొట్టిన లేదా తన్నినవాళ్లలో 43 శాతం మంది, వెల్లకిలా నొక్కిపట్టినవాళ్లలో 31 శాతం మంది అది తమ మీదకు తిరగబడిందని చెప్పారు. 2020లో పోర్చుగల్‌లో ఏడు ట్రైనింగ్ స్కూళ్లకు చెందిన 92 కుక్కలను పరిశీలించారు. శిక్షలు ఎక్కువగా వాడే స్కూళ్ల కుక్కల్లో ఒత్తిడి చిహ్నాలు ఎక్కువగా కనిపించాయి, ట్రైనింగ్ తర్వాత లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగింది.

ఎదుటి పక్షం మాట కూడా దాచకూడదు. 2024లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, పరుగెత్తే ఎర వెంట పడకుండా ఆపడంలో షాక్ కాలర్ కుక్కలు త్వరగా దారికి వచ్చాయి. తిండితో నేర్పిన కుక్కలు ఆ కొద్ది రోజుల్లో నేర్చుకోలేకపోయాయి. 2020లో ఇంగ్లండ్‌లోని లింకన్ యూనివర్సిటీ 63 కుక్కలతో చేసిన దాంట్లో మాత్రం, పిలిస్తే రాని కుక్కలకు కూడా బహుమతి పద్ధతి (సరిగ్గా చేసినప్పుడు తిండి ముక్క లాంటిది ఇచ్చి నేర్పడం) షాక్ కాలర్‌కు ఏమాత్రం తీసిపోలేదు. మా నిర్ణయం ఇది: వేటాడే కుక్క పిల్లి వెంట పడితే ఐదు మీటర్ల పొడవాటి తాడుతో ఆపుతాం, కరెంటుతో ఆపం. నెలలు పట్టినా సరే.

ఇక మీరు చేయాల్సిన పని. బహుమతి పద్ధతి చెడేది ఎక్కువగా చేతి వేగం దగ్గరే. ముందు ఒక గుర్తు మాట పెట్టుకోండి, "యెస్" అనుకుందాం. యెస్ అనండి, ఒక సెకనులోపు ముక్క ఇవ్వండి. ఇలా ఒక పూట 15 సార్లు. ఆ మాట వినగానే కుక్క మీ చేతి వైపు తిరిగిందంటే గుర్తు ఎక్కినట్టే. ఆ తర్వాత గల్లీలో: రెండు మీటర్ల తాడు వదులుగా ఉండి కుక్క మీ ఎడమ కాలి పక్కన ఉన్న క్షణంలో యెస్ అని, ముక్కను మీ ప్యాంటు కుట్టు దగ్గరే ఇవ్వాలి. చేయి ముందుకు చాచి ఇస్తే ముందుకు రావడమే నేర్చుకుంటుంది. తాడు బిగిస్తే ఆగిపోండి, గుంజకండి. వదులయ్యాక మళ్లీ అడుగు. మొదటి వారం నిమిషానికి పది ముక్కలు పడతాయి, కంగారు పడకండి. పదిలో ఎనిమిది సార్లు సరిగ్గా వస్తేనే కొంచెం కష్టమైన గల్లీకి వెళ్లండి. మూడేసి నిమిషాల చొప్పున రోజుకు నాలుగుసార్లు చేస్తే, ఒకేసారి అరగంట చేసినదాని కంటే బాగా ఎక్కుతుంది.

"బిస్కెట్ చూపిస్తేనే వింటోంది" అనే ఫిర్యాదు నిజమే. ముక్కను ముందే చూపించి పని చెప్తే అది లంచం అవుతుంది. ముక్కతో దారి చూపడం మొదటి నాలుగైదు సార్లకే పరిమితం చేసి, ఆ తర్వాత ఖాళీ చేత్తో సైగ చేయండి. ముక్క నడుముకు కట్టిన సంచిలోంచి పని అయ్యాకే బయటికి రావాలి.

హైదరాబాద్ ఇళ్లలో ఇంకో చిక్కుంది. బాబు "సిట్" అంటాడు, నానమ్మ "కూర్చోరా" అంటుంది, వాచ్‌మన్ "బైఠ్" అంటాడు. పైగా ఒక్కొక్కరూ మూడేసి సార్లు. ఒక్క మాట ఖాయం చేసి, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఒక్కసారే చెప్పి మూడు సెకన్లు ఆగండి.

ముక్క బఠాణీ గింజంతే ఉండాలి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా నీళ్లలో ఉడికించిన చికెన్ మేలు. నీచు వండని ఇళ్లలో పనీర్ సరిపోతుంది. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ విషం. రోజు మొత్తం తిండిలో ట్రీట్లు పదో వంతు దాటకూడదు, ఆ మేరకు గిన్నెలో తగ్గించండి.

మేము "వద్దు" అనే మాటే వాడమని కాదు. పప్పీ చేయి కొరికితే ఆట ఆపి, 20 సెకన్లు గది బయటికి వెళ్లిపోమని చెప్తాం. ఆట పోవడం కూడా కుక్కకు నష్టమే, కానీ నొప్పి లేదు. ఉన్నట్టుండి కోపిష్టి అయిన కుక్కకు ముందు డాక్టర్, తర్వాతే మేము. చెవి ఇన్ఫెక్షన్, తుంటి నొప్పి, టిక్ ఫీవర్ ఉన్న కుక్కకు ట్రైనింగ్ చెప్పడం దానికి అన్యాయం. కరిచిన కుక్కను "పూర్తిగా మార్చేస్తాం" అని రాసివ్వం. బుట్ట మూతికట్టు అలవాటు చేయడం, ప్రమాదం తగ్గించడం మా చేతిలో ఉన్నవి.

బోనాలు, వినాయక నిమజ్జనం డప్పులకు వణికే కుక్కలున్నవాళ్లు కనీసం ఆరు వారాల ముందే మొదలుపెట్టండి. ఫోన్‌లో తీన్‌మార్ చప్పుడు, చెవి తిప్పేంత మాత్రమే సౌండ్. ఐదు సెకన్లు మోగాక చికెన్, చప్పుడు ఆగితే చికెన్ ఆగాలి. చప్పుడే ముందు రావాలి. ముక్క ముందు ఇస్తే, చికెన్ చూడగానే డప్పు వస్తుందని భయపడుతుంది. తినడం మానేసిందంటే సౌండ్ ఎక్కువైందని అర్థం. నిమజ్జనం రోజు బయట తిప్పకండి, లోపలి గదిలో ఫ్యాను, టీవీ వేసి ఉంచండి. మందు అవసరమైన కుక్కలకు డాక్టర్‌ను మూడు వారాల ముందే కలిస్తే, మోతాదు ఎలా పడుతుందో ముందే చూసుకోవచ్చు.

మొదటి క్లాసుకు మామూలు వెడల్పు బెల్టు లేదా ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్, రెండు మీటర్ల తాడు, చిన్న డబ్బా నిండా ముక్కలు సిద్ధంగా ఉంచండి. కుక్కకు ఆ పూట సగం తిండే పెట్టండి. ఇంట్లో కుక్కతో మాట్లాడే ప్రతి ఒక్కరూ ఆ 45 నిమిషాలు హాల్లో ఉండాలి, నానమ్మతో సహా.