మా చెరువు కట్టను నిలబెట్టిన అందరికీ

2023 జూలై 26 రాత్రి మా ఊరి చెరువు కట్ట తెగకుండా కాపాడిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి మొక్కుతూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. వానలు తెరిపిచ్చాయి, ఊళ్లో మళ్లీ నాట్లు మొదలయ్యాయి, ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. ఆ రాత్రి గురించి ఎవరిని కదిలించినా "అందరం ఉన్నం గదా" అని ఊరుకుంటున్నారు. ఆ అందరిలో ఎవరు ఏం చేశారో ఒకచోట రాసి పెట్టాలని నా కోరిక.

మాది వరంగల్ జిల్లాలో నర్సంపేట దాటాక వచ్చే ఊరు. ఆ వానలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. మన రాష్ట్రంలో ఏడాది పొడుగునా పడేదే సగటున 900 మిల్లీమీటర్ల చిల్లర. భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి మొత్తం మునిగింది. జనం బంగళాల మీద, చెట్ల మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే హెలికాప్టర్లు వచ్చి దించాయి. కొట్టుకుపోయినవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు అవుతుంది. మా ఊళ్లో అంత వాన పడలేదు. కానీ మాది గొలుసుకట్టులో కింది చెరువు. పైన ఎంత పడ్డా చివరికి మా కట్ట మీదికే రావాలి.

అందుకని మొదటి దండం పై ఊరి అన్నకు. "మా మత్తడి నడుముమందం దుంకుతుంది, మీ దగ్గరికి రావడానికి ఎంతో సేపు పట్టదు, కట్ట మీదికి మనుషులను తోలుండ్రి" అని చీకటి పడగానే ఫోన్ చేశాడు. మత్తడి అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు. అప్పటికి ఆయన ఇంట్లోకే నీళ్లు వచ్చి ఉన్నాయట. ఆ సంగతి మాకు రెండు రోజుల తర్వాత తెలిసింది.

రెండో దండం మా నీరటి తాతకు. ఈ దండం కాస్త పెద్దది.

పట్నంలో పెరిగిన పిల్లలకు నీరటి అంటే తెలియకపోవచ్చు. చెరువు తూము ఎప్పుడు తీయాలో, ఎంత తీయాలో, ఏ మడికి ముందు నీళ్లు పారాలో, చివరి ఆయకట్టు రైతుకు అన్యాయం కాకుండా ఎట్లా పంచాలో చూసే మనిషి. వెనుకటి రోజుల్లో పంట కోసి కల్లం చేసినప్పుడు రైతులందరూ నీరటికి ఇంత అని వడ్లు కొలిచి ఇచ్చేవాళ్లు, దాన్నే మేర అనేవాళ్లు. బోర్లు వచ్చాక ఆ మేర ఇచ్చే చేతులు తగ్గిపోయాయి. తాత మాత్రం కట్ట మీద నడక మానలేదు. డెబ్బై దాటాయి. వానాకాలం వస్తే పొద్దున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తాడు. ఎండ్రకాయ బొక్క ఎక్కడ ఉంది, పందికొక్కు ఎక్కడ తవ్వింది, ఏ తుమ్మచెట్టు వేరు కట్ట లోపలికి పోయింది, అన్నీ ఆయన నోట్లోనే ఉంటాయి.

ఆ రాత్రి తూముకు కొంచెం ఇవతల, కట్ట వెనక అడుగున నీళ్లు బుడబుడ ఉబకడం ముందు చూసింది ఆయనే. మేం పరుగెత్తుకుంటూ పోయేసరికి నీళ్లలో కూర్చుని ఉన్నాడు. ఇంట్లో స్నానానికి వాడే తెల్ల ప్లాస్టిక్ మగ్గులో ఆ ఊట నీళ్లు పట్టి, నా ఫోన్ లైటు దాని మీద వేయమన్నాడు. వానకు గొడుగు అడ్డం పెట్టించి కాసేపు కదలకుండా పట్టుకున్నాడు. తర్వాత నీళ్లు నెమ్మదిగా వంపేసి, మగ్గు అడుగున వేలు పెట్టి రుద్ది, ఆ వేలిని నా అరచేతికి రాశాడు. సన్నటి మన్ను. గరగరమంది.

"తేట నీళ్లొస్తే ఎంతొచ్చినా భయం లేదు బిడ్డా. మన్ను తీసుకొస్తుందంటే లోపల తొవ్వ చేసుకుంటుందన్నట్టు."

నేను సివిల్ ఇంజనీరును. వరంగల్ ఎన్ఐటీలో ఎంటెక్ చదివాను. మట్టికట్టల లోపల నీళ్లు సన్నటి మట్టిరేణువులను ఒక్కొక్కటిగా లాక్కుపోతూ, వెనక నుంచి ముందుకు సొరంగం చేసుకుంటూ పోవడాన్ని మేం పైపింగ్ అని చదువుకుంటాం. కట్ట పైనుంచి నీళ్లు దుంకి తెగినట్టు కాదు ఇది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది, లోపల డొల్ల అవుతుంది, ఒక్కసారిగా కూలుతుంది. టెర్జాఘి అనే ఇంజనీరు ఇట్లాంటి కట్టలు ఎందుకు కూలుతాయో ఏళ్లకేళ్లు పరిశోధించి, నీటిని పోనిస్తూ మట్టిని మాత్రం ఆపే ఇసుక, కంకర పొరలకు లెక్క కట్టాడు. ఆ లెక్క నాకు నోటికి వచ్చు. తాతకు టెర్జాఘి ఎవరో తెలియదు. కానీ ఆ చీకట్లో ఆయన చెప్పిన పద్ధతి ముక్క పొల్లు పోకుండా అదే.

ఊట నోట్లో బస్తాలు కుక్కొద్దన్నాడు. కుక్కితే అది ఇంకో చోట పుట్టుకొస్తుంది. ముందు ఊట మీద దొడ్డు ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆ పైన పెద్ద కంకర పరిపించాడు. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా బావి వరలాగా పేర్పించాడు. లోపల నీళ్లు కొంత ఎత్తుకు నిలిస్తే ఊటకు ఎదురు ఒత్తిడి వస్తుంది, ఉరవడి తగ్గుతుంది. మరోపక్క చెరువు లోపలి వైపు సుడి ఎక్కడ తిరుగుతుందో వెతకమన్నాడు. నీళ్లు లోపలికి పోయే నోరు అదే.

ఆ సుడి దగ్గరికి దిగింది మా గౌడన్న. తాడెక్కే మోకునే నడుముకు కట్టుకుని, ఇంకో కొస కట్ట మీద ఆరుగురి చేతుల్లో పెట్టి, ఛాతీ లోతు నీళ్లలో కాలితో తడుముతూ బొక్క దొరికించుకున్నాడు. వరిగడ్డి కలిపిన నల్లమట్టి బస్తాలు ఒక్కొక్కటి అందిస్తుంటే కాలితో తొక్కి దింపాడు. ఆయన భార్య కట్ట మీద నిలబడి ఒక్క మాట కూడా వద్దనలేదు. అన్నా, వదినా, మీ ఇద్దరి రుణం ఎట్లా తీర్చుకోవాలో నాకు తెలియదు.

యూరియా సంచులు ఇంటింటికీ తిరిగి తెచ్చింది పదో తరగతి పిల్లలు. సొంత ఇల్లు కట్టుకుందామని పోయించుకున్న ఇసుక, కంకర మొత్తం ఎత్తుకొమ్మన్నది బస్టాండ్ దగ్గర కిరాణం పెట్టుకున్న అక్క. బురదలో ట్రాక్టర్ దిగబడితే జేసీబీతో లాగి, ఆ తర్వాత తెల్లారేదాకా మొరం పోసిన డ్రైవర్ తమ్ముడిది మా ఊరు కూడా కాదు. డీజిల్ డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. బడిలో పొయ్యి పెట్టి అందరికీ ఛాయ్, తర్వాత ఉప్మా చేసిన మహిళా సంఘం వాళ్లు, లోతట్టు వాడలో ముసలివాళ్లను, బాలింతలను ఎత్తుకుని పంచాయతీ ఆఫీసు మీది అంతస్తుకు చేర్చిన యువకులు... పేర్లు రాస్తే ఒకటి రెండు మరిచిపోతానేమోనని భయం, అందుకే రాయడం లేదు.

కానీ ఇద్దరి సంగతి మాత్రం విడిగా చెప్పాలి. చెరువులో నీటిమట్టం తగ్గితే తప్ప కట్ట మీద బరువు తగ్గదు. మత్తడికి అడ్డంగా మత్స్యకారుల సంఘం వాళ్ల జాలి ఉంది, చేపలు కొట్టుకుపోకుండా కట్టుకున్నది. దానికి చెత్తంతా పట్టి నీళ్లు ఆగుతున్నాయి. తీస్తే ఏడాది కష్టం వాగులో కలిసినట్టే. సంఘం పెద్ద ఒక్క క్షణం చెరువు వైపు చూసి, కత్తి తీసుకుని తనే తాళ్లు కోశాడు. ఇంకొకరు తూము కింది రైతు. తూము పూర్తిగా ఎత్తితే మొదట మునిగేది ఆయన మడే, రెండు రోజుల కింద నాటు వేశాడు. తాత ఆయన దగ్గరికి వెళ్లి అడిగాడు. ఆ గడబిడలో కూడా అడగకుండా తూము ఎత్తలేదు, అది గమనించండి. "ఎత్తు మామా, ఊరు ఉంటే మళ్లీ నాటేసుకోవచ్చు" అన్నాడాయన.

ఇక నా మాట. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు ఊరు నాకు ఫ్లెక్సీ కట్టింది. ఊరికి గర్వకారణం అని పెద్ద అక్షరాలతో రాయించారు. ఆ ప్రేమను నేను ఎన్నడూ తక్కువ చేయను. నాన్న ఇప్పటికీ ఆ ఫ్లెక్సీని మడిచి అటక మీద దాచుకున్నాడు. కానీ ఆ రాత్రి నుంచి నన్ను ఒక ప్రశ్న వదలడం లేదు. గెలుపు అంటే ఏమిటి? ఒక మనిషి ఊళ్లోంచి ఎంత దూరం పోయాడన్నది మాత్రమే మనం ఎందుకు లెక్కపెడుతున్నాం? యాభై ఏళ్లు ఒకే కట్ట మీద నడిచినవాడి నడకను ఏ లెక్కలో వేస్తాం? నా ఇంక్రిమెంట్లకు, ప్రమోషన్లకు కాగితాలున్నాయి. తెగని కట్టకు కాగితం ఉండదు. కట్ట తెగితే వార్త అవుతుంది, తెగకపోతే మరునాడు జనం పొలానికి పోతారు. తాత బతుకంతా ఆ రెండో రకం రోజులే.

మాకు దగ్గర్లోనే రామప్ప ఉంది. 1213లో ఆ గుడి కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. గుడి మాత్రం శిల్పి పేరుతో నిలిచింది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనందరం అదే గొప్పగా చెప్పుకున్నాం, పనివాడి పేరు పెట్టుకున్న నేల మాది అని. ఆ గొప్ప నిజమే. అయితే ఆ గుడి పక్కనే చెరువు కూడా ఉంది. ఎనిమిది వందల ఏళ్లుగా దాని కట్ట మీద నడిచిన నీరట్ల పేర్లు ఎవరికి తెలుసు? పాకాల చెరువుకు వెళ్లినప్పుడల్లా ఫొటోలు దిగి వచ్చే నేను ఇంతకుముందు ఇట్లా ఆలోచించలేదు.

వినయం గురించి కూడా నా అభిప్రాయం చెప్తాను. తల వంచుకుని, నాకేం తెలియదండీ అనడాన్ని మనం వినయం అంటుంటాం. తాత అట్లాంటి మనిషి కాదు. తెలిసిన దగ్గర సర్పంచ్ మాటకు కూడా అడ్డం చెప్పాడు. తెల్లారుజామున ఊట తేటబడ్డాక అందరం "కట్ట ఆగింది, కట్ట ఆగింది" అని కేకలు పెడుతుంటే, "గిప్పటిదాంక ఆగింది" అన్నాడు. మళ్లీ మగ్గు తీసుకుని వెళ్లి కూర్చున్నాడు. తనకు ఎంత తెలుసో అంతే అనడం, అంతకు మించి ఒక్క మాట అనకపోవడం. ఇంత పెద్ద ఆఫీసుల్లో, ఎన్ని మీటింగుల్లోనో కూర్చున్నాను, ఇంత ఖచ్చితమైన మాట విన్నది తక్కువ.

ఇది రాశానని చదువు వల్ల లాభం లేదని ఎవరూ అనుకోవద్దు. మా ఊరి ఆడపిల్లలకు ముఖ్యంగా చెప్తున్నాను, బాగా చదవండి. ఆ ఇసుక, కంకర పొరలు ఎందుకు పనిచేస్తాయో నాకు చదువే చెప్పింది. తాత మాటకు కొందరు పెద్దలు అనుమానపడ్డప్పుడు, "ఆయన చెప్పిందే సరైన పద్ధతి" అని ధైర్యంగా నిలబడగలిగింది ఆ చదువు వల్లే. కానీ ఆ మగ్గు సంగతి నాకు ఎవరూ నేర్పలేదు. గరగరమన్న ఆ మన్ను అరచేతికి తగిలాకే నేను చదివిందేమిటో నాకు పూర్తిగా అర్థమైంది. తాతను ఎవరు నేర్పారని అడిగితే, "మా నాయిన సగం చెప్పిండు, చెరువు సగం చెప్పింది" అన్నాడు. నాకిప్పుడు ముప్పై దాటాయి. ఇంకా ఎంత నేర్చుకోవాల్సి ఉందో తలుచుకుంటే బెంగ కాదు, ఉత్సాహం వస్తోంది.

తాతా, నువ్వు ఇది చదవవు, నీ మనుమరాలు చదివి వినిపిస్తుంది. ఫొటో పెట్టొద్దన్నావు, పెట్టలేదు. చిన్నప్పుడు తూము కాడ ఆడుకుంటుంటే అదిలించి ఇంటికి తోలినందుకు కూడా ఈ రోజు నీకు దండం.

ఊరివాళ్లకు రెండు విషయాలు. వచ్చే ఆదివారం నుంచి తాతతో కలిసి కట్ట నడవడానికి నలుగురు యువకులు ముందుకొచ్చారు. ఆయన చూపించే బొక్కలు, ఊటలు, పాత తూము కింది బలహీనమైన జాగాలు ఒక నోట్‌బుక్‌లో గుర్తులతో రాసుకుంటారు. గీతలు గీసి ఇచ్చే పని నాది. ఎండాకాలంలో నీళ్లు తగ్గగానే ఆ జాగాలు తవ్వి, నల్లమట్టితో గట్టిపరిచే పనికి అంచనా కూడా నేనే ఉచితంగా తయారుచేసి పంచాయతీకి ఇస్తాను.

ఇంకొకటి. కోసిన జాలికి, పోయిన చేపలకు, తూము కింది మునిగిన మడికి మనందరం తలా కొంత వేసుకోవాలి. ఇవ్వదలచినవాళ్లు నాకు పంపొద్దు. మత్స్యకారుల సంఘం పెద్దకు, తూము కింది అన్నకు నేరుగా ఇవ్వండి. ఆ అన్న డబ్బు తీసుకోనంటున్నాడు, నారు అయితే తీసుకుంటాడట. ఎవరి నారుమడిలోనైనా మిగిలి ఉంటే, ముదిరిపోకముందే ఈ వారంలోనే పంపండి. నాటు వేయడానికి మా అమ్మతో పాటు నేనూ వస్తున్నాను.