ఏటీపీ నొప్పి కబురు కూడా మోస్తుంది

సంపాదకులకు నమస్కారం.

మీ సైన్స్ పేజీలో ఈమధ్య ఏటీపీ (అడినోసిన్ ట్రైఫాస్ఫేట్) మీద వ్యాసం చదివాను. 1929లో శాస్త్రవేత్త సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని గుర్తించిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకున్నందుకు చాలా సంతోషం. కానీ ఏటీపీ అంటే కణానికి ఇంధనం అని చెప్పి అక్కడితో ఆపేశారు. ఇరవై రెండేళ్లుగా నేనూ పిల్లలకు అంతవరకే చెప్పాను. అది సగం కథే.

కిందటి నెల మరిగే నీళ్లు పడి నా బొటనవేలు బొబ్బెక్కింది. మూడో రోజు పైపొర ఊడొచ్చింది. కింద ఎర్రగా, తడితడిగా ఉన్న చోట ఫ్యాన్ గాలి సోకినా ప్రాణం పోయినంత పనయ్యేది. 1977లో పరిశోధకులు ఇలాంటి బొబ్బ అడుగునే ఏటీపీ వేసి చూశారు. నొప్పి పుట్టింది.

కణం లోపల ఏటీపీ పుష్కలంగా ఉంటుంది, బయట దాదాపు ఉండదు. కణం కాలినా, నలిగినా అది బయటికి ఒలుకుతుంది. పక్కనే ఉన్న నొప్పి నాడుల కొసల మీద పీ2ఎక్స్3 అనే ప్యూరినెర్జిక్ రిసెప్టర్లు, అంటే ఏటీపీ లాంటి అణువులను గుర్తుపట్టే ప్రొటీన్లు, ఉంటాయి. ఏటీపీ వచ్చి అతుక్కోగానే వాటి ద్వారం తెరుచుకుని సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి దూరతాయి. నాడి వెంటనే వెన్నుపాముకు కబురు పెడుతుంది. నొప్పికి ఇదొక్కటే దారి కాదు గానీ, పక్క కణానికి దెబ్బ తగిలిందన్న వార్తను ఆ కణం ఇంధనమే మోసుకొస్తుందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఏటీపీ నాడీ సందేశాలు మోస్తుందని 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ అనే శాస్త్రవేత్త అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. పీ2ఎక్స్3 దొరికింది 1995లో. ఇవే రిసెప్టర్లు శ్వాసనాళాల నాడుల్లోనూ ఉన్నాయి. వాటిని అడ్డుకునే గెఫాపిక్సాంట్ అనే మందుకు, ఎంతకీ తగ్గని దగ్గు కోసం 2022లో జపాన్ అనుమతి ఇచ్చింది. వాడిన చాలామందికి నోట్లో రుచి మారిపోయింది, ఎందుకంటే నాలుక రుచిని చేరవేసే నాడులకూ ఈ రిసెప్టర్లే కావాలి.

మా పదో తరగతి అమ్మాయి ఒకతె, "మరి నొప్పి ఎలా ఆగుతుంది మేడమ్?" అని అడిగింది. బయటపడ్డ ఏటీపీని ఎంజైములు ముక్కలు చేస్తూ పోతే చివరికి అడినోసిన్ మిగులుతుంది. అది వేరే రిసెప్టర్ల మీద పనిచేసి అదే నాడిని శాంతపరచగలదు. ఆ సంగతి చెప్పాక పిల్లలు బోర్డు మీది బొమ్మను మళ్లీ మొదటి నుంచి గీయమన్నారు.

దయచేసి ఈ రెండో సగం కూడా మీ పేజీలో బొమ్మతో సహా వేయండి. పొర చిరిగిన కణం, దాని పక్కనే నాడి కొస, ఆ రెండూ కనిపిస్తే చాలు.

- ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు