మెషిన్ ముందు, డయల్ తర్వాత

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో సొంతంగా వాచీలు కూర్చుకుంటున్న బెంగళూరు కుర్రాళ్ళ గురించి వచ్చిన కథనం చదివాను. జాలహళ్ళిలో హెచ్‌ఎంటీ అసెంబ్లీ విభాగంలో పనిచేసి రిటైరైనదాన్ని. ఈ కాలపు పిల్లలు ట్వీజర్లు పట్టుకుని ముళ్ళు ఎక్కిస్తున్నారంటే నాకు చెప్పలేనంత సంతోషం. కానీ ముందు నచ్చిన డయల్, కేసు కొని ఆఖర్న మెషిన్, అంటే లోపల వాచీని నడిపే యంత్రం, చూసుకోవచ్చని మీరు రాశారు. అది కాలు కొలవకుండా చెప్పులు కుట్టించుకోవడమే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళలో ఎక్కువమంది తీసుకునే మెషిన్ జపాన్ కంపెనీ సీకో వాళ్ళ ఎన్‌హెచ్35. 24 జ్యువెల్స్ (రాపిడి తగ్గించే చిన్న రాళ్ళు), గంటకు 21,600 బీట్లు (టిక్కులు), నిండా చాబీ ఇస్తే 41 గంటలు నడుస్తుంది. గట్టి మెషిన్, నాకూ ఇష్టమే. అయితే దాని మందం 5.32 మిల్లీమీటర్లు. పాతకాలపు పల్చటి వాచీ పోలిక కావాలనుకునేవాళ్ళు దీన్ని పెట్టి, తీరా కేసు ఉబ్బిపోయిందని బాధపడతారు. వాళ్ళకు 3.9 మిల్లీమీటర్ల మియోటా 9015 నయం. ధర ఎక్కువే, కానీ గంటకు 28,800 బీట్లతో సెకన్ల ముల్లు మరింత నున్నగా నడుస్తుంది.

ముళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఎన్‌హెచ్35కీ, స్విస్ మెషిన్ ఈటీఏ 2824కీ గంటల ముల్లు రంధ్రం 1.50 మిల్లీమీటర్లు, నిమిషాలది 0.90. రెండింటికీ ఒకటే. సెకన్ల ముల్లు మాత్రం మొదటిదానికి 0.20, రెండోదానికి 0.25. అర మిల్లీమీటరులో పదో వంతే తేడా, కానీ వదులైన ముల్లు ఊడి డయల్ మీద పడుతుంది, బిగువైనదాన్ని నొక్కితే ఇరుసు వంగుతుంది. తేదీ కిటికీ లేని డయల్ కింద ఎన్‌హెచ్35 పెడితే కీ (పక్కనుండే తిప్పుడు బొడిపె) లాగినప్పుడు తేదీ మార్చే మెట్టు ఉత్తుత్తిగా తగులుతుంది. తేదీ లేని ఎన్‌హెచ్38 అందుకే ఉంది. డయల్‌ను మెషిన్‌కు పట్టి ఉంచే వెనక కాళ్ళ చోటు కూడా కీ మూడు దగ్గర ఉందా, నాలుగు దగ్గర ఉందా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఇవన్నీ మెషిన్ తేలాకే తేలే సంగతులు.

చిక్‌పేట సందుల్లో ‘స్విస్ మెషిన్’ అని చేతిలో పెడితే వెంటనే డబ్బులివ్వకండి. 2824కు నకళ్ళు చైనాలో బాహాటంగానే తయారవుతున్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. నకలు అని చెప్పి అమ్మితే తప్పు లేదు, స్విస్ అని అమ్మితేనే మోసం. వాచీ నడక కొలిచే టైమింగ్ మెషిన్ మీద పెట్టించి, డయల్ పైకి ఒకసారి, కీ కిందికి ఒకసారి చూడండి. ఎన్‌హెచ్35కైతే ఆ పరికరంలో లిఫ్ట్ యాంగిల్ అనే సెట్టింగును 53 డిగ్రీలకు మార్చమనండి, లేకపోతే లోపలి చక్రం ఊపు ఎంతో చెప్పే అంకె తప్పు చూపిస్తుంది.

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. ఆ కథనంలోని ఫొటోల్లో ఒక కుర్రాడు స్విస్ కంపెనీ పేరున్న డయల్ పట్టుకుని నవ్వుతున్నాడు. పోలిక తెచ్చుకోండి, ముళ్ళ తీరు తెచ్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ పేరు మాత్రం మీది కాదు. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 103, 104 సెక్షన్ల కింద తప్పుడు ట్రేడ్‌మార్కు వేసినా, అలాంటి సరుకు అమ్మినా ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా.

ఇదే పని మా వాచీలకూ జరుగుతోంది. 1961లో జపాన్ కంపెనీ సిటిజన్ సాయంతో ఈ ఊళ్ళో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల తయారీని మూసేయడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. కొత్త విడిభాగాలు రావు. పాతవి విప్పి, రెండు మూడింటి ముక్కలతో ఒకటి కూర్చి, మేమెన్నడూ చూడని రంగుల్లో డయల్ అచ్చేసి, పైన ‘పైలట్’, ‘జనతా’ అని మా మోడళ్ళ పేర్లు రాసి ‘అసలుది’ అంటున్నారు. అక్షరాల అంచులు లావుగా, సెకన్ల గీతలు వంకరగా ఉంటాయి. మా చేతుల మీద వెళ్ళిన డయల్ ఒక్కటి పక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. లోపల 17 జ్యువెల్స్ ఉన్న మా 0231 మెషిన్ నిజమైనదే కావచ్చు. అమ్మేవాడు ‘డయల్ మార్చాను’ అని ఒక్క ముక్క రాస్తే కొనేవాడు తెలిసి కొంటాడు.

వచ్చే ఆదివారం ఆ ఫొటో గురించి వివరణ వేసి, పై రెండు సెక్షన్లనూ ప్రచురించండి. జాలహళ్ళిలోని హెచ్‌ఎంటీ హెరిటేజ్ సెంటర్‌కు మీ విలేకరిని పంపి, అసలు డయళ్ళ ఫొటోలు దగ్గరగా తీయించి వేయగలిగితే మరీ మంచిది.

– విశ్రాంత వాచీ అసెంబ్లర్, మత్తికెరె, బెంగళూరు