స్వచ్ఛమైన సున్నపు పూత పేరుతో సిమెంటు కలిపిన మిశ్రమం సరఫరా చేయడంపై ఫిర్యాదు

సంస్థ నిర్వాహకులకు,

విషయం: మా మట్టి గోడలకు వేసిన మీ పూతను తొలగించి, జరిగిన నష్టాన్ని సరిచేయవలసిందిగా కోరడం గురించి.

అయ్యా,

రెండేళ్లుగా మేము మా ఇంటిని పాత పద్ధతిలో, చాలావరకు మా చేతులతోనే కట్టుకుంటున్నాము. రాతి పునాది మీద పచ్చి ఇటుకల గోడలు లేపి, కర్ర దూలాల మీద పెంకుల కప్పు వేసి, వాన జల్లు గోడలకు తగలకుండా చూరును బాగా ముందుకు దించాము. ఆ గోడల పూత కోసం ఎనిమిది నెలల క్రితం మీ సంస్థ నుంచి సున్నం పొడి, ఇసుక ముందే కలిపి బస్తాల్లో నింపిన మిశ్రమాన్ని కొన్నాము. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక ఉంటుందని, సిమెంటు ఏ కొద్దిపాటి మోతాదులోనూ కలపరని ఒప్పంద పత్రంలో నేనే పట్టుబట్టి రాయించాను. ఆ వాక్యం కింద మీ ప్రతినిధి సంతకం ఉంది. బస్తాల మీద కూడా 'స్వచ్ఛమైన సున్నం' అనే అచ్చయింది.

పని మొదలైన రెండో రోజే మా మేస్త్రీకి అనుమానం వచ్చింది. సున్నం, ఇసుక ముందురోజే కలిపి తడి గోనె కప్పి ఉంచితే మర్నాటికి అది ఇంకా జిగురెక్కి పనికి అనువుగా మారాలి. మీ మిశ్రమం తెల్లవారేసరికి తొట్టిలోనే రాయిలా బిగిసిపోయింది. ఫోను చేసి అడిగితే, తమ సున్నం మేలురకం కాబట్టి త్వరగా గట్టిపడుతుందని, కలిపిన రోజే వాడుకోవాలని మీ ప్రతినిధి చెప్పారు. ఆ మాట నమ్మి మిగిలిన గోడలన్నిటికీ అదే పూత వేయించాము. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను అన్నిటికన్నా బాధపెడుతున్నది ఆ నమ్మకమే, ఎందుకంటే ఆ రోజు పని ఆపి ఉంటే నష్టం ఒక్క గోడతో పోయేది.

వానలు పడ్డాక గోడల అడుగు భాగంలో మోకాలి ఎత్తు వరకు నల్లని చెమ్మ గీత కనిపించింది. ఆ పైన తెల్లని ఉప్పు పొర తేలింది. వేలి కణుపుతో తడితే చాలాచోట్ల పూత డొల్లగా మోగుతోంది. పడమటి గోడ మూల దగ్గర చేతి వెడల్పు ముక్క ఒకటి ఊడిపడింది. దాని వెనకాల పచ్చి ఇటుక తడి ముద్దలా ఉంది, గోరుతో నొక్కితే లోపలికి దిగింది. పూత మాత్రం సుత్తితో కొడితే తప్ప విరగనంత గట్టిగా ఉంది.

మిగిలిన బస్తాలోని మిశ్రమాన్ని నీళ్లతో కలిపి ఒక గాజు సీసాలో వేసి, పైన నీళ్లు నింపి మూత పెట్టాను. పక్కనే మరో సీసాలో వేరేచోట తెచ్చిన సున్నాన్ని అదే పాళ్లలో ఇసుకతో కలిపి అలాగే ఉంచాను. వారం తర్వాత రెండోది చెంచాతో తీస్తే మెత్తగా వచ్చింది, మీది సీసా పగలగొడితే గాని బయటికి రాలేదు. మేము కొన్నది గాలి సోకితేనే గట్టిపడే మామూలు సున్నం. అలాంటి సున్నం నీటి అడుగున ఎంతకాలం ఉన్నా మెత్తగానే ఉంటుంది. ఈ సంగతి రాస్తే, 'బలం కోసం కొంత సిమెంటు కలపడం మా మామూలు పద్ధతి, దానివల్ల పూత నాణ్యత పెరుగుతుంది' అని మీ కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. కాబట్టి కలిపారా లేదా అన్న వివాదం మన మధ్య లేదు. అది నాణ్యత పెంచుతుందన్న మాటకే నేను జవాబు చెప్పవలసి ఉంది.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. మలినాలు లేని 100 కిలోల రాయి నుంచి 56 కిలోల సున్నం మిగులుతుంది. దానికి నీళ్లు పట్టించి గోడకు పూసినప్పుడు అది గాలిలోని అదే వాయువును మెల్లగా తిరిగి పీల్చుకుంటూ, పైపొర నుంచి లోపలికి, నెలల తరబడి మళ్లీ రాయిగా మారుతుంది. అలా తయారైన పొరలో సన్నని రంధ్రాలు మిగిలి, గోడలోని తేమ ఆవిరై బయటికి పోయే దారి ఉంటుంది. మట్టి గోడ నేల నుంచి కొంత చెమ్మను పీల్చుకోవడం సహజం. ఆ చెమ్మ ఎప్పటికప్పుడు ఆరిపోతే గోడకు ప్రమాదం లేదు, ఆరే దారి మూసుకుపోతే మట్టి నాని తన బరువును తానే మోయలేని స్థితికి వస్తుంది. సిమెంటు ఆ దారిని చాలావరకు మూసేస్తుంది. పైగా ఎండకూ తడికీ కొద్దిగా సాగి ముడుచుకునే మెత్తని గోడ మీద వంగని గట్టి పెంకు కట్టినట్టవుతుంది. ఆ రెండూ విడిపోయినచోట పగుళ్లు పడి, వాటిలోంచి దిగిన వాన నీరు వెనకాలే నిలిచిపోతుంది. పూత బలం గోడ బలాన్ని మించకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం. మీరు బలం అంటున్నదే మా గోడకు హాని అయింది.

సిమెంటు లేని పూత నిలవదని మీ ప్రతినిధి ఫోనులో అన్న మాట కూడా సరికాదు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందినది 1824లో. రోమ్‌లోని పాంథియాన్ గుమ్మటం అంతకు పదహారు వందల ఏళ్లకు పైగా ముందే సున్నం, అగ్నిపర్వత బూడిద కలిపిన కాంక్రీటుతో, సుమారు 43 మీటర్ల వ్యాసంతో లేచి నేటికీ నిలిచి ఉంది. తడి తగిలే చోట సున్నానికి గట్టిదనం కావాలంటే మెత్తగా దంచిన కాల్చిన ఇటుక పొడి కలపడం పాత మేస్త్రీలందరికీ తెలిసిన పని. మీరు అడిగి ఉంటే, అవసరమైనచోట దానికి నేను ఒప్పుకునేవాణ్ణి.

మీ ఖర్చుతో పూతనంతా తొలగించాలని కోరుతున్నాను. యంత్రాలతో కొడితే పూతతోపాటు ఇటుకలూ ఊడివస్తాయి కాబట్టి, డొల్లగా ఉన్నచోట మొదలుపెట్టి చేతి ఉలితో మాత్రమే తీయించాలి, ఆ పని జరుగుతున్నంతసేపూ మా మేస్త్రీ అక్కడే ఉంటారు. నానిపోయిన ఇటుకలను మార్చి, గోడలు పూర్తిగా ఆరే వరకు ఆగి, ఆ తర్వాతే ఒప్పందంలో రాసిన సున్నం ఇవ్వాలి. ప్రతి విడత సరుకుతోనూ అందులో ఏమేమి ఎంతెంత ఉన్నాయో రాసి, సంతకం చేసిన పత్రం పంపాలి. మొదటి పూతకు, దాన్ని తీయించడానికి, తిరిగి వేయించడానికి అయ్యే కూలి మీరే భరించాలి. సిమెంటు కలిపిన బస్తాల మీద 'స్వచ్ఛమైన సున్నం' అన్న మాటను వెంటనే తీసేయాలి. ఆ మాటను నమ్మి మట్టి ఇల్లు కట్టుకుంటున్నవారు ఇంకెందరున్నారో మీకే తెలియాలి, వారికి మీరే స్వయంగా తెలియజేయవలసిన బాధ్యత ఉంది.

ఒప్పంద పత్రం నకలు, మీ జవాబు నకలు, గోడల ఫొటోలు ఈ లేఖతో జతచేస్తున్నాను. రెండు సీసాల నమూనాలు, ఊడిపడిన పూత ముక్క నా దగ్గర భద్రంగా ఉన్నాయి, మీ మనిషి వస్తే చూపిస్తాను. మళ్లీ వానలు మొదలయ్యేలోగా గోడలు ఆరాలి కాబట్టి, ఈ లేఖ అందిన 15 రోజుల్లో పని ఎప్పుడు మొదలుపెడతారో తేదీతో సహా లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఆలోగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
గృహ యజమాని