‘టెలిఫోన్ గర్ల్’ రీలు ఏది?

సంపాదకుడు గారికి,

మూకీ నాయికల మీద మీ ఆదివారం వ్యాసం చదివాను. సీత ఉంది, ద్రౌపది ఉంది, దమయంతి ఉంది. నెల జీతానికి పనిచేసే అమ్మాయే లేదు. దూరపు ఊళ్ళకి ఫోన్లు కలిపే ట్రంక్ ఎక్స్ఛేంజీలో ఇరవై ఆరేళ్ళు కూర్చున్నదాన్ని, ఆ లోటు నాకు వెంటనే తగిలింది.

1926లో బొంబాయి కోహినూర్ కంపెనీ నుంచి ‘టెలిఫోన్ గర్ల్’ వచ్చింది, హోమీ మాస్టర్ తీశారు. అదే ఏడాది చందూలాల్ షా ‘టైపిస్ట్ గర్ల్’. రెండిట్లోనూ సులోచనే. ఆవిడ అసలు పేరు రూబీ మయర్స్. సినిమాల్లోకి రాకముందు నిజంగానే టెలిఫోన్ ఆపరేటరు! ఫోన్లు కలిపే స్విచ్‌బోర్డు దగ్గర కొత్త పిల్ల ముందు దీపం చూస్తుంది, తర్వాత గుచ్చాల్సిన తీగ వెతుక్కుంటుంది. పాతదాని చెయ్యి చూడకుండానే వెళ్ళిపోతుంది. సులోచన చెయ్యి ఎలా వెళ్ళిందో నాకు చూడాలని ఉంది. కానీ ప్రింటు లేదు.

మరుసటేడు అమెరికాలో వచ్చిన ‘ఇట్’ మాత్రం ఫోన్లో చూశాను. అదీ పోయిందనే అనుకున్నారట, 1960లలో ప్రేగ్‌లో దొరికింది. షాపులో పనిచేసే క్లారా బౌ, పనికి వేసుకెళ్ళిన గౌనునే కత్తెరతో కత్తిరించి రిట్జ్ హోటల్‌కి బయల్దేరుతుంది. ఇంకోచోట, పనిలేని స్నేహితురాలి పసిబిడ్డని తీసుకుపోవడానికి పెద్దమనుషులొస్తే, ‘ఈ బిడ్డ నాదే’ అని అడ్డుపడుతుంది. ఆ అబద్ధం చుట్టూనే ప్రేమ కథంతా చిక్కుపడుతుంది. నవ్విస్తూనే ఎంత మాట చెప్పారో చూడండి.

మన సంగతికొస్తే, తెలుగు సినిమాకి పితామహుడనే రఘుపతి వెంకయ్య గారి పేరు మీద అవార్డులిచ్చుకున్నాం. ఆయన కొడుకు ప్రకాష్ తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రింటు మిగుల్చుకోలేదు. ఇక తొలి టాకీల మాట ఎత్తకపోవడమే మంచిది.

రెండు ప్రభుత్వాలనూ అడిగేది ఒక్కటే. అవార్డుల సభకయ్యే ఖర్చులో కొంత తీసి పాత రీళ్ళు దాచడానికి ఒక చల్లని గది కట్టండి, రీళ్ళు చూసి జాబితా రాసే మనిషిని పెట్టండి. విజయవాడ గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ల గోడౌన్లలో, మూతపడ్డ థియేటర్ల అటకల మీద ఇంకా డబ్బాలుంటాయి. మూత తీస్తే వెనిగర్ వాసన కొట్టిందంటే ఫిల్ము చెడిపోతోందని అర్థం. పాత సామాన్ల కొట్టుకి తూకానికి వెయ్యకముందే ఎవరైనా వెళ్ళాలి.

ఈలోగా మీరే ‘మీ దగ్గర రీళ్ళున్నాయా?’ అని ఒక చిన్న ప్రకటన వెయ్యండి. ఉత్తరాలు విడదీసి జాబితా రాసే పని నేను చేసిపెడతాను. ఖాళీగానే ఉన్నాను.

– విశ్రాంత టెలిఫోన్ ఆపరేటర్, గుంటూరు